అమ్మే ఇంటికీ ఇంటర్వ్యూ ఉంటుంది

కూకట్‌పల్లిలో పదిహేనేళ్ల పాత డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఒకటి అమ్మకానికి ఉందనుకోండి. వెబ్‌సైట్‌లో నాలుగే ఫొటోలు. ఒకదాంట్లో మడత పెట్టని దుప్పట్లు, ఇంకోదాంట్లో బాల్కనీ నిండా ఆరేసిన బట్టలు, మరోదాంట్లో బీరువా అద్దంలో ఫోన్ పట్టుకుని కనిపిస్తున్న ఓనరు. కొనేవాళ్లు ఆ పేజీలో ఎంతసేపు ఉంటారు? తప్పులతడక రెజ్యుమే ముందు హెచ్ఆర్ ఎంతసేపు ఉంటారో అంతే! ఇల్లు మంచిదే కావచ్చు. చూపించడమే రాలేదు. అలా చూపించడం కూడా ఓ పనే. చేతిలో స్మార్ట్‌ఫోన్, కాస్త ఓపిక ఉంటే ఏ డిగ్రీ వాళ్లైనా నేర్చుకోవచ్చు.

ఓపెన్ హౌస్ అంటే?

అమెరికాలో ఇల్లు అమ్మేవాళ్లు సాధారణంగా వారాంతంలో రెండు మూడు గంటలు తలుపులు తెరిచి ఉంచుతారు. అపాయింట్‌మెంట్ లేకుండా ఎవరైనా వచ్చి చూడొచ్చు. అదే ఓపెన్ హౌస్. అందుకోసం ఇంటిని సిద్ధం చేయడం హోమ్ స్టేజింగ్. 1970ల్లో సియాటెల్ ప్రాంతంలో బార్బ్ ష్వార్జ్ అనే ఏజెంటు దీన్ని వృత్తిగా ప్రచారంలోకి తెచ్చారు. మన దగ్గర ఎక్కువగా బ్రోకరే ఒక్కో కుటుంబాన్ని వెంటబెట్టుకొస్తాడు. ఇంటిని సిద్ధం చేసే పద్ధతి మాత్రం ఎక్కడైనా దాదాపు ఒకటే.

ముందు ఖాళీ, తర్వాత వెలుగు

వచ్చినవాళ్లు తమ మంచం, తమ సోఫా ఎక్కడ పడతాయా అని చూసుకుంటారు. కాబట్టి పాత కూలరు, అట్టపెట్టెలు, ఫ్రిజ్ మీది డబ్బాలు ముందే తీయించాలి. కారే కుళాయి, కిర్రుమనే తలుపు, వెలగని బల్బు లాంటివి తక్కువ ఖర్చుతో బాగవుతాయి. వదిలేస్తే ‘ఇల్లు సరిగా చూసుకోలేదు’ అనిపిస్తాయి. వంటింటి జిడ్డు, బాత్రూమ్ వాసన వదిలించండి. కర్టెన్లు పక్కకు లాగి, వెలుతురు బాగా వచ్చే వేళకే రమ్మనండి. ఆదివారం సాయంత్రం 4.30 నుంచి 6 వరకు రాహుకాలం. పట్టింపు ఉన్నవాళ్లు ఆ టైమ్‌లో రారు.

ఫోన్ కెమెరా చాలు

గది మూలలో నిలబడి, ఛాతీ ఎత్తులో ఫోన్ పట్టుకోండి. గ్రిడ్ ఆన్ చేస్తే గోడలు ఒరిగిపోకుండా వస్తాయి. 0.5ఎక్స్‌లో గది ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. వచ్చి చూశాక నిరాశే మిగులుతుంది. ఒకే గదిలో పసుపు, తెలుపు బల్బులు కలిసి వెలిగితే ఫొటోలో రంగులు తేడా కొడతాయి. మెయిన్ డోర్ నుంచి బాల్కనీ వరకు వరసగా ఫొటోలు తీసి, గదుల కొలతలు, ఫేసింగ్ రాయండి. మనవాళ్లు ముందు అడిగేది తూర్పా, ఉత్తరమా అనే కదా!

ఎక్కడ ఆగాలి?

గోడకు చెమ్మ ఉంటే దానిపై పెయింట్ కొట్టి చూపించడం స్టేజింగ్ అనిపించుకోదు. ఆస్తి బదిలీ చట్టం–1882లోని 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాళ్లు మామూలు జాగ్రత్తతో పసిగట్టలేని ముఖ్యమైన లోపాలు తెలిస్తే అమ్మేవాళ్లు చెప్పాల్సిందే. రిపేరు చేయించండి, లేదంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఖాళీ గదిలో ఏఐతో సోఫా పెట్టిన ఫొటో అయితే ఆ మాట కిందే రాయండి. కాలిఫోర్నియాలో 2026 జనవరి 1 నుంచి ఇలా మార్చిన ఫొటోల సంగతి చెప్పడం, అసలు ఫొటో కూడా చూసే వీలు కల్పించడం ఏజెంట్లకు తప్పనిసరి. ఎదుటివాళ్లు ఇరవై ఏళ్ల ఈఎంఐకి సిద్ధపడి వస్తున్నారని మర్చిపోవద్దు.

టేబుల్ మీద ఫైలు

సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, ఆస్తి పన్ను రసీదు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, మెయింటెనెన్స్ బకాయి లేదన్న లెటర్ జిరాక్సులు ఒక ఫైల్లో పెట్టించండి. ఆధార్ నంబర్లు కనిపించకుండా చూడండి. ఇల్లు నచ్చినవాళ్ల తర్వాతి ప్రశ్న కాగితాల గురించే.

ఉద్యోగంగా ఎలా?

బిల్డర్ల మార్కెటింగ్ టీమ్‌లు, ప్రాపర్టీ వెబ్‌సైట్లు, ఇంటీరియర్ సంస్థల్లో ఫొటోగ్రఫీ, 360 డిగ్రీల టూర్లు, లిస్టింగ్ కంటెంట్ లాంటి పనులుంటాయి. రెరాలో నమోదైన ప్రాజెక్టుల ఫ్లాట్లు, ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు కావాలంటే మాత్రం 2016 నాటి రెరా చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి.

ఇంటర్వ్యూకు సర్టిఫికెట్ ఒక్కటే పట్టుకెళ్తే సరిపోదు, చేసిన పని చూపించాలి. ఈ ఆదివారం మీ ఇంట్లోనో, బాబాయ్ వాళ్ల ఫ్లాట్‌లోనో ఒక గది తీసుకోండి. సర్దక ముందు రెండు ఫొటోలు, సర్దాక అదే మూల నుంచి రెండు. ఏం మార్చారో, ఎందుకు మార్చారో కింద మూడు లైన్లు రాయండి. అలాంటివి అయిదు గదులు చేశారంటే మీ పోర్ట్‌ఫోలియో మొదలైనట్టే.