ఉక్కును వీడిన స్పోర్ట్స్ కార్లు - తుక్కు లెక్కకు అందని బాడీలు

ద్వారక (న్యూఢిల్లీ): మోటారు వాహనం పుట్టుక, దాని అంతం - రెండూ దేశ రాజధానిలోని ఈ ఉపనగరానికి ఎంతో దూరంలో లేవు. ఒకవైపు హర్యానాలోని గుర్గావ్. 1983లో మారుతి 800 ఉత్పత్తి ప్రారంభమైనది అక్కడే. మరోవైపు పశ్చిమ ఢిల్లీలోని మాయాపురి. పాత వాహనాల తుక్కుకు దశాబ్దాలుగా పేరుపడిన బజారు అది. నడుమ ద్వారక 25వ సెక్టారులో, 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన యశోభూమి కేంద్రంలో, 2025 జనవరిలో వాహన విడిభాగాల ప్రదర్శన జరిగింది. ఈ వ్యాపారమంతా ప్రధానంగా ఉక్కు రేకు చుట్టూ అల్లుకున్నదే. స్పోర్ట్స్ కార్ల తయారీదారులలో చాలామంది మాత్రం ఆ రేకును ఏనాడో వదులుకున్నారు. వారి దారిలోకే ఇప్పుడిప్పుడు సామాన్య కార్లూ అడుగిడుతున్నాయి.

ఎందుకీ మార్పు?

గాజు పోగులను గానీ, కార్బన్ పోగులను గానీ రెసిన్‌లో తడిపి, అచ్చులో గట్టిపరచగా తయారయ్యేదే మిశ్రమ పదార్థం. బలం పోగులది, ఆకృతిని నిలిపేది రెసిన్. ఉక్కు సాంద్రత నీటికి దాదాపు 7.8 రెట్లు కాగా, కార్బన్ మిశ్రమ పదార్థానిది సుమారు 1.6 రెట్లు మాత్రమే. బరువు తగ్గితే అదే ఇంజను కారును మరింత వేగంగా పరుగెత్తిస్తుంది; బ్రేకులకూ శ్రమ తగ్గుతుంది.

ఆర్థిక కారణం కూడా ఉన్నది. ఉక్కు రేకును వంచే ప్రెస్సులకు, డైలకు పెట్టుబడి భారీగా కావాలి. లక్షల కార్లు అమ్ముడైతే తప్ప ఆ ఖర్చు తిరిగిరాదు. ఫైబర్‌గ్లాస్ అచ్చు చౌక. కాకపోతే ఒక్కొక్క బాడీ తయారీకి పట్టే సమయం ఎక్కువ. కొద్ది సంఖ్యలో కార్లు తయారుచేసే సంస్థలు ఈ పద్ధతిని ఆశ్రయించడానికి అదే హేతువు. అమెరికాలో 1953లో వచ్చిన షెవర్లే కార్వెట్ ఫైబర్‌గ్లాస్ బాడీతోనే వెలువడింది. ఆ ఏడాది తయారైనవి 300 కార్లు మాత్రమే. బ్రిటన్‌లో లోటస్ సంస్థ 1957లో ఎలీట్ కారుకు విడిగా ఛాసిస్ లేకుండా, ఫైబర్‌గ్లాస్ బాడీనే ఆధారంగా నిలిపింది.

కార్బన్ ఫైబర్ వంతు ఆ తరువాత వచ్చింది. 1981లో మెక్‌లారెన్ సంస్థ ఫార్ములా వన్ కారు కాక్‌పిట్‌ను దానితో నిర్మించినప్పుడు, ప్రమాదం జరిగితే అది పొడిపొడి అవుతుందన్న సందేహాలు తలెత్తాయి. అదే ఏడాది ఇటలీలోని మోంజా పందెంలో జాన్ వాట్సన్ నడిపిన కారు అదుపు తప్పి, ఇంజను భాగం విడిపోయింది. వాట్సన్ మాత్రం క్షేమంగా బయటపడ్డాడు. దానితో సందేహాలు సద్దుమణిగాయి. 1992లో వెలువడిన మెక్‌లారెన్ ఎఫ్1 ఈ నిర్మాణాన్ని రోడ్డు కారుకు తెచ్చింది. 2013 నుంచి 2022 వరకు ఉత్పత్తి అయిన బీఎండబ్ల్యూ ఐ3 విద్యుత్ కారులో ప్రయాణికులు కూర్చునే భాగం కార్బన్ ఫైబర్‌దే.

మనదేశపు అనుభవం

భారతదేశానికి ఇది కొత్త విషయం కాదు. బెంగుళూరులో సిపానీ సంస్థ 1982లో తెచ్చిన డాల్ఫిన్ కారు బాడీ ఫైబర్‌గ్లాసే. తుప్పు పట్టనిది, సొట్ట పడనిది అయినప్పటికీ, మరుసటి ఏడాది వచ్చిన మారుతి ధాటికి అది నిలువలేకపోయింది. శాన్ మోటార్స్ 1998లో ప్రదర్శించిన రెండు సీట్ల స్టార్మ్, 2012 ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో దిలీప్ ఛాబ్రియా సంస్థ ఆవిష్కరించిన అవంతి కూడా ఈ కోవలోనివే. రెండూ పరిమిత సంఖ్యకే పరిమితమయ్యాయి.

కార్లలో కుదురుకోని ఈ విద్య క్షిపణులలో, విమానాలలో రాణించింది. తేజస్ యుద్ధవిమానం బరువులో దాదాపు 45 శాతం మిశ్రమ పదార్థాలే. హైదరాబాదు రక్షణ ప్రయోగశాలలలో అగ్ని క్షిపణికై రూపొందిన తేలికపాటి పదార్థంతో, 1990 దశకంలో నిమ్స్ వైద్యుల సహకారంతో పోలియో బాధిత పిల్లలకు కాలిపర్లు తయారయ్యాయి. సుమారు 3 కిలోల బరువు 300 గ్రాములకు దిగింది. అబ్దుల్ కలాం తన జీవితంలో అత్యంత ఆనందం కలిగించిన వాటిలో ఒకటిగా దీనిని పలుమార్లు పేర్కొన్నారు.

తుక్కు వద్ద చిక్కు

అసలు సమస్య కారు ఆయుష్షు తీరిన తరువాత మొదలవుతుంది. ఉక్కును ఎన్నిసార్లయినా కరిగించి తిరిగి వాడవచ్చు. అందుకే తుక్కు వ్యాపారి పాత కారుకు సైతం ధర కడతాడు. ఒకసారి గట్టిపడిన రెసిన్ మళ్లీ కరగదు. కార్బన్ ముక్కలను గాలి చొరకుండా అధిక ఉష్ణోగ్రతలో వేడిచేసి రెసిన్‌ను తొలగించవచ్చు; అయితే దొరికే పోగులు పొట్టివి, కొత్తవాటికి సాటిరావు. గాజు పోగుల విలువ ఆ ఖర్చుకైనా సరిపోదు. వాటిని సిమెంటు బట్టీలలో వినియోగించడం ఒక మార్గం. లేకుంటే చెత్తకుప్పలే గతి. రక్షణ లేకుండా కోసేవారి కళ్లకు, చర్మానికి, ఊపిరితిత్తులకు ఆ ధూళి హానికరం.

మరమ్మతుదీ ఇదే తీరు. రేకు సొట్టను టింకరింగ్ షెడ్డులో సరిచేయవచ్చు. ఫైబర్‌గ్లాస్ పగులును కూడా కొత్త మ్యాట్, రెసిన్‌లతో అతకవచ్చు. కార్బన్ ఫైబర్‌లో దెబ్బ పైకి కనిపించకుండానే లోపలి పొరలు విడిపోవచ్చు. దానిని పసిగట్టడానికి అల్ట్రాసోనిక్ పరీక్షల వంటివి అవసరం.

కేంద్ర ప్రభుత్వం 2025 జనవరిలో ప్రకటించి, ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన కాలం చెల్లిన వాహనాల నియమాలు తయారీదారుల బాధ్యతను ఉక్కు పరిమాణంతో కొలుస్తున్నాయి. పాత వాహనాల నుంచి ఎంత ఉక్కు రాబట్టారన్నదే వారి లక్ష్యానికి ప్రమాణం. నేటి రోడ్లపై ఉన్న వాహనాలలో అత్యధికం ఉక్కువే గనుక ఈ కొలత సహేతుకమే. కానీ బరువు తగ్గించుకోవలసిన విద్యుత్ వాహనాలు పెరుగుతున్న కొద్దీ, ఉక్కు కాని భాగాల వాటా కూడా పెరిగే అవకాశమున్నది. లెక్కలోకి రాని సరకు బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది.

సంపన్నుల స్పోర్ట్స్ కార్లు మనదేశంలో వేళ్లపై లెక్కించదగినన్నే కావచ్చు. అయినా ఆ బాడీలు లేవనెత్తుతున్న ప్రశ్న రేపటి సామాన్యుని కారుకూ వర్తిస్తుంది. తేలిక పదార్థాన్ని తయారుచేసే విద్య హైదరాబాదులో, బెంగుళూరులో ఉన్నది. దానిని తిరిగి విడదీసే విద్యను కూడా ఇప్పుడే అలవరచుకోకపోతే, రేపు మాయాపురి వంటి బజార్లలో ధర పలకని తుక్కు గుట్టలుగా పేరుకుంటుంది. దానిని కోసి పారవేసే పని రోజుకూలీల చేతులకే మిగులుతుంది.