నెగటివ్‌లను కొంగుతో తుడవకండి

పోయినసారి ఇండియా వెళ్ళినప్పుడు అమ్మ బీరువాలో, పట్టుచీరల కింద, పాత ఫోటో స్టూడియో కవరొకటి దొరికింది. లోపల నెగటివ్ ముక్కలు. వెలుతురుకెత్తి చూస్తే తెల్లటి జుట్టు, నల్లటి పళ్ళతో నవ్వుతున్న పడుచు అమ్మమ్మ! ఆ ఫోటో ప్రింటు మావాళ్ళెవరి దగ్గరా లేదు.

సంబరంలో చున్నీతో ఒక్కసారి తుడిచేశాను. ఇక్కడికొచ్చి స్కాన్ చేస్తే అమ్మమ్మ బుగ్గ మీదుగా సన్నటి గీత. దుమ్మయితే దులిపితే పోతుంది. గీత పోదు. నాలాంటి పొరపాటు మీరు చేయకూడదనే ఈ నాలుగు మాటలు.

35 ఎం.ఎం. ఫిల్ములో ఒక్కో ఫ్రేము 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పే ఉంటుంది. 2400 డీపీఐలో స్కాన్ చేస్తే, మిల్లీమీటరులో పదో వంతు నలుసు కూడా తొమ్మిది పిక్సెళ్ళంత అవుతుంది. అది వెలుతురుని ఆపుతుంది కాబట్టి ఫోటోలో తెల్ల మచ్చగా పడుతుంది.

చలికాలంలో హీటరు వేసిన ఇంట్లో గాలి బాగా పొడిబారి, ఫిల్ముకి స్టాటిక్ పట్టి దుమ్ముని లాక్కుంటుంది. హ్యుమిడిఫయర్‌తో తేమ 40–50 శాతం ఉండేలా చూసుకోండి. కార్పెట్ మీద కూర్చోకుండా, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టిన బల్ల మీద పని చేయండి. ఫ్యాను, అగరొత్తులు, ఉన్ని స్వెటరు ఆ గంటసేపు వద్దు.

నెగటివ్‌ని అంచులతోనే పట్టుకోండి. ముందు రబ్బరు బ్లోయరుతో గాలి కొట్టండి. నోటితో ఊదితే ఉమ్మి తుంపర్లు పడతాయి. ఇంకా నలుసులుంటే మెత్తటి యాంటీ స్టాటిక్ బ్రష్‌తో తేలిగ్గా దులపండి. మెరిసే వైపున వేలిముద్రలుంటే, 98 శాతానికి తగ్గని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని నూగు రాలని గుడ్డకి కొద్దిగా అద్ది, మెల్లగా తుడవండి. మెరుపు తక్కువగా ఉన్న వైపే బొమ్మ ఉండే పొర. దాన్ని రుద్దకండి. బూజు పట్టినట్టుంటే సొంత వైద్యం మాని, తెలిసినవాళ్ళకివ్వండి.

స్కానరు అద్దం మీద ఏదీ నేరుగా స్ప్రే చేయకండి, తడి లోపలికి దిగుతుంది. స్కానరు ఆపి, ముందు గాలి కొట్టి, తర్వాత మైక్రోఫైబర్ గుడ్డని కాస్త తడిపి తుడవండి. మూతలో లైటు ఉండే అద్దాన్ని కూడా మరవకండి. ప్రతి స్కానులోనూ ఒకేచోట మచ్చ వస్తుంటే దుమ్ము అద్దం మీదున్నట్టు. ఫిల్ముతో పాటు మచ్చ కదిలితే నెగటివ్ మీదున్నట్టు.

చాలా ఫిల్ము స్కానర్లలో ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్ముని తొలగించే సదుపాయం ఉంటుంది. కలర్ నెగటివ్‌లకి అది చక్కగా పనిచేస్తుంది. మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో బొమ్మే వెండి రేణువులు. అవి ఇన్‌ఫ్రారెడ్‌ని అడ్డుకుంటాయి కాబట్టి, అమ్మమ్మల కాలం నాటివి స్కాన్ చేసేటప్పుడు దాన్ని ఆపేయండి.

పనయ్యాక పీవీసీ కవర్లలో కాకుండా పాలీప్రొపిలీన్ స్లీవుల్లో పెట్టండి. ఇండియా నుంచి తెచ్చేటప్పుడు చేతిసంచీలోనే తెచ్చుకోండి. కడిగిన ఫిల్ముకి ఎయిర్‌పోర్టు ఎక్స్‌రేతో భయం లేదు.

అమ్మమ్మ బుగ్గ మీది గీతని కంప్యూటర్లో చెరిపేసి, ఫోటో అమ్మకి పంపాను. నెగటివ్ మీద మాత్రం అది అలాగే ఉంది. మీ అమ్మగారి బీరువాలోనూ అలాంటి కవరుంటే, తెరిచే ముందు ఒక బ్లోయరు కొనుక్కోండి.