ఎన్‌హెచ్‌ఎస్‌లో చేరారా? లైబ్రరీ అకౌంట్ మాటేంటి?

ఈ ఎపిసోడ్ ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ ఉద్యోగంలో కొత్తగా చేరిన మనవాళ్ల కోసం. డ్యూటీలో ఏదైనా మందు గురించి డౌట్ వస్తే ఏం చేస్తున్నారు? ఫోన్ తీసి గూగుల్ కొడతారు, లేదంటే వాట్సాప్ గ్రూపులో ఎవరో పడేసిన పీడీఎఫ్ తెరుస్తారు. అది ఏ ఏడాది ఎడిషనో ఎవరు చూస్తారండీ? ఎదురుగా మంచం మీద పేషెంట్ ఉన్నారు మరి.

మీకు ఓపెన్‌ఏథెన్స్ అనే అకౌంట్ ఉచితంగా వస్తుంది. అదొక తాళంచెవి అనుకోండి. బీఎమ్‌జే బెస్ట్ ప్రాక్టీస్, జర్నళ్లు, ఈ-పుస్తకాలు అన్నీ దాంతోనే తెరుచుకుంటాయి. డాక్టర్లకే కాదు, నర్సులకీ, హెల్త్‌కేర్ అసిస్టెంట్లకీ, ప్లేస్‌మెంట్‌లో ఉన్న స్టూడెంట్లకీ కూడా ఇస్తారు. ఈ సంగతి తెలియక సొంత డబ్బుతో ఆర్టికల్స్ కొనుక్కునేవాళ్లు ఉన్నారు, అదే బాధ.

రిజిస్టర్ చేసేటప్పుడు పేరు, పనిచేసే సంస్థ, ఉద్యోగం అడుగుతుంది. అవి సులువే. అసలు కిటుకు ఈమెయిల్ దగ్గరుంది. ఆఫీసు వాళ్లిచ్చిన ఎన్‌హెచ్‌ఎస్ మెయిల్ ఇస్తే మామూలుగా వెంటనే ఓకే అయిపోతుంది. ఇంట్లో కూర్చుని జీమెయిల్ ఇచ్చారనుకోండి, మీరు నిజంగా స్టాఫేనా అని లైబ్రరీవాళ్లు చూసి ఒప్పుకోవాలి, ఆగాల్సి వస్తుంది. తర్వాత యాక్టివేషన్ లింక్ వస్తుంది. రాలేదంటే జంక్ ఫోల్డర్ చూడండి.

లాగిన్ అయ్యాక ఒక పని మర్చిపోవద్దు. బెస్ట్ ప్రాక్టీస్ సైట్‌లోకి ఓపెన్‌ఏథెన్స్‌తోనే వెళ్లి, అక్కడ మీ పేరున వేరే అకౌంట్ తెరవండి. యాప్‌లో ఆ అకౌంట్‌తోనే లాగిన్ అవ్వాలి. సమాచారం ఫోన్‌లోకి దింపుకుంటే సిగ్నల్ లేని వార్డులో కూడా పనిచేస్తుంది. నన్నడిగితే మొత్తంలో బాగా పనికొచ్చేది ఇదే.

వేరే ట్రస్ట్‌కి మారితే వివరాలు మార్చుకోండి. స్కాట్లాండ్, వేల్స్‌లో ఉన్నవాళ్లకు ఏర్పాట్లు వేరు, అక్కడి లైబ్రరీలో అడగాలి.

ఇంకోటి. "అన్నా, నీ పాస్‌వర్డ్ ఇవ్వవా, ప్రాజెక్టు ఉంది" అని ఊర్నుంచి తమ్ముడు అడుగుతాడు. ఇవ్వకండి, ఆ లైసెన్సు మీ ఒక్కరికే. వాడు చదివేది గవర్నమెంట్ మెడికల్ కాలేజీ అయితే వాడికీ దారి ఉంది. 2025 జనవరి 1 నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు, దాదాపు 13,000, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు తెరిచారు. కాలేజీ లైబ్రేరియన్ గారిని లాగిన్ అడగమనండి.