పేగులోని కాపురస్తులు

ఈసారి సావనీరుకి ఆరోగ్యం మీద ఒక వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. నేను మనుషుల డాక్టర్ని కాదు, పశువుల డాక్టర్ని. తిరుపతిలో పశువైద్యం చదువుకుని, ఇక్కడికి వచ్చి మళ్ళీ పరీక్షలు రాసి, ఈ టెక్సాసులో పాతికేళ్ళుగా కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేస్తున్నాను. మన సంఘం విందుల్లో నన్ను పక్కకి పిలిచి అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒక్కటే: “మా కుక్కకి కడుపు బాగుండటం లేదండీ, ఏం పెట్టమంటారు?” పులిహోర విస్తరి చేతిలో పట్టుకుని ఆ విషయం వివరంగా చర్చించడం కష్టం కనక, జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ఎవరీ కాపురస్తులు?

కుక్క పేగుల్లో, ముఖ్యంగా పెద్దపేగులో, కోటానుకోట్ల బాక్టీరియాలు కాపురం ఉంటాయి. ఇవి అద్దె ఎగ్గొట్టే రకం కాదు. కుక్క తనంతట తాను అరిగించుకోలేని పీచుపదార్థాన్ని పులియబెట్టి, పేగు గోడ కణాలకి ఆహారంగా పనికొచ్చే ఆమ్లాలు తయారుచేస్తాయి. విటమిన్లు కొన్ని తయారుచేస్తాయి, కొన్ని వాడుకుంటాయి. కాలేయం నుంచి దిగే పైత్యరసాన్ని కూడా మారుస్తాయి. ఈ చివరి పని చేసే వాటిలో ముఖ్యమైన దానికి క్లాస్ట్రీడియం హిరనోనిస్ అని పేరు పెట్టారు. ఈ మధ్య ఇంటిపేరు మార్చి పెప్టాసిటోబాక్టర్ హిరనోనిస్ అంటున్నారు. ఇది మార్చిన పైత్య ఆమ్లాలు పేగులో ఉన్నంతకాలం, విరేచనాలు పుట్టించే రౌడీ బాక్టీరియాలు తలెత్తడం కష్టం. ఈ ఒక్క కాపురస్తుడు ఇల్లు ఖాళీ చేస్తే వీధి వీధంతా పాడవుతుంది.

ఈ పాడుదలని కొలవటానికి కాలేజ్ స్టేషన్‌లోని టెక్సాస్ ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయం జీర్ణకోశ ప్రయోగశాలలో యాన్ సుహొడోల్‌స్కీ గారి బృందం ఒక లెక్క తయారుచేసి 2017లో ప్రచురించింది. దాని పేరు డిస్‌బయోసిస్ ఇండెక్స్. కుక్క మలంలో మొత్తం బాక్టీరియా ఎంత ఉందో, ఎంపిక చేసిన 7 రకాలు ఒక్కొక్కటీ ఎంతెంత ఉన్నాయో జన్యు పరీక్షతో కొలిచి, అన్నిటినీ కలిపి ఒకే అంకెగా చెబుతారు. అంకె సున్నాకి దిగువన ఉంటే మేలు. 2 దాటితే కాపురం చెడినట్టు. ఆ రెంటికీ మధ్య ఉంటే మళ్ళీ చూడాలి.

బాక్సర్ల కథ

బాక్టీరియాకీ పేగు జబ్బుకీ ఉన్న సంబంధం ఎంత సూటిగా ఉండగలదో చెప్పడానికి బాక్సరు కుక్కల కథని మించినది లేదు. వయసులో ఉన్న బాక్సర్లకి పెద్దపేగులో పుండ్లు పడి, రోజుకి పది పదిహేనుసార్లు నెత్తురూ జిగురూ కలిసిన విరేచనాలవుతాయి. క్రమంగా కుక్క చిక్కి శల్యమవుతుంది. ఈ జబ్బుని 1965లో వైద్యపత్రికల్లో వర్ణించారు. ఆ తరవాత దాదాపు నలభై ఏళ్ళపాటు ఇది శరీరం తన మీద తానే తిరగబడటం వల్ల వచ్చే జబ్బనే ఎక్కువమంది అనుకున్నారు. ఆ ప్రకారమే స్టెరాయిడ్లు ఇచ్చేవారు. అవి పనిచేసేవి కావు. చివరికి చాలా కుక్కలని నిద్రపుచ్చవలసి వచ్చేది.

2004లో ఒక చిన్న నివేదిక వచ్చింది. ఈ జబ్బున్న 9 కుక్కలకి ఎన్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయోటిక్కు ఉన్న చికిత్స ఇస్తే కోలుకున్నాయని. శరీరం తిరగబడటమే కారణమైతే యాంటీబయోటిక్కుతో తగ్గడమేమిటి? 2006లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో కెన్నెత్ సింప్సన్ గారి బృందం దీనికి జవాబు చెప్పింది. బాక్టీరియా జన్యువులకి మాత్రమే అంటుకునే వెలుగు రంగుని పేగు ముక్కల మీద వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, పేగు గోడ లోపల, బాక్టీరియాని మింగి చంపవలసిన రక్షక కణాల కడుపులోనే, ఇ. కోలై బాక్టీరియాలు గుంపులు గుంపులుగా మెరుస్తూ కనబడ్డాయి. దొంగ పోలీసు ఠాణాలోనే కాపురం పెట్టాడన్నమాట! మింగిన ఇ. కోలైని చంపే శక్తి ఆ జాతి కుక్కల కణాల్లో పుట్టుకతోనే లోపించి ఉంటుందని పరిశోధకుల అనుమానం. ఇదే జబ్బు ఫ్రెంచి బుల్‌డాగుల్లోనూ కనిపిస్తుంది. విశేషమేమిటంటే, మనుషులకి వచ్చే క్రోన్స్ వ్యాధిలో ఇటువంటి చొరబాటు ఇ. కోలైనే 1990ల చివరలో ఫ్రాన్సులో వర్ణించారు. కుక్క మీద చేసిన పరిశోధన కుక్కకే పరిమితం కాదు.

రెండు ఇళ్ళు

మన సంఘం కుటుంబాల్లోనే ఒకరింట్లో భీముడని ఏడాదిన్నర బాక్సరు ఉండేవాడు. నా దగ్గరికి వచ్చేసరికి పేరు తప్ప భీముడి లక్షణం ఒక్కటీ మిగల్లేదు. అంతకుముందు వేరేచోట ఆహారం మార్చారు, పురుగుల మందు వేశారు, స్టెరాయిడు కూడా ఇచ్చారు. ఇండియా నుంచి వచ్చిన తాతగారు తన సంచీలోంచి సిప్రోఫ్లాక్ససిన్ మాత్రల అట్ట తీసి, “నాకు ప్రయాణంలో విరేచనాలైతే ఇదే కదమ్మా వేసుకుంటాను, సగం మాత్ర వెయ్యండి వాడికి” అన్నారట. వేసే ముందు నాకు ఫోను చెయ్యడం ఆ ఇంటి ఇల్లాలి వివేకం.

తాతగారి ఊహ తప్పేమీ కాదు. సిప్రోఫ్లాక్ససిన్, ఎన్రోఫ్లాక్ససిన్ ఒకే కుటుంబానికి చెందిన మందులు. ప్రమాదమంతా అక్కడే ఉంది. ఈ జబ్బుకి గట్టిగా పనిచేసే మందు దాదాపు ఆ ఒక్కటే. పరీక్ష లేకుండా అరమాత్ర ఇవాళ, అరమాత్ర ఎల్లుండి వేస్తే బలహీనమైన బాక్టీరియా చస్తుంది, మొండిది మిగులుతుంది. మిగిలినది ఆ కుటుంబం మందులు వేటికీ లొంగదు. అందుకని ముందు పేగులోంచి ముక్క తీయించి, బాక్టీరియాని పెంచి, ఏ మందుకి లొంగుతుందో చూసి, అప్పుడు చికిత్స మొదలుపెట్టాం. రెండు వారాలకి నెత్తురు ఆగింది. అక్కడితో ఆపకుండా ఎనిమిది వారాలూ మందు పూర్తిగా వేశారు. భీముడికి ఇప్పుడు ఆరేళ్ళు.

ఇంకో ఇంటి కథ ఇంత బాగా ముగియలేదు. వాళ్ళు చాలా మంచివాళ్ళు, కుక్క అంటే ప్రాణం. నెత్తురు కనబడినప్పుడల్లా ఇంట్లో మిగిలిన ఇదే కుటుంబం మాత్రలు రెండు మూడు రోజులు వేసి, తగ్గగానే ఆపేవారు. ఇలా కొన్ని నెలలు జరిగింది. నా దగ్గరికి వచ్చాక పరీక్ష చేయిస్తే ఆ ఇ. కోలై ఎన్రోఫ్లాక్ససిన్‌కి లొంగేది కాదని తేలింది. వేరే మందులు కలిపి వాడాం. రెండు నెలలు పోరాడి ఓడిపోయాం. ఆ ఇంటి పదేళ్ళ పాప, “మందు ఉందన్నారు కదా అంకుల్?” అని అడిగింది. మందు ఉంది తల్లీ, అది పనిచేసే కాలం దాటిపోయింది అని ఆ వయసు పిల్లకి ఎలా చెప్పడం? ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ ప్రశ్నే.

కొండనాలుకకి మందు వేస్తే

అన్ని విరేచనాలూ బాక్సర్ల జబ్బు కావు. మామూలు విరేచనాలకి మెట్రోనిడజోల్ రాసెయ్యడం చాలాకాలం మా వృత్తిలో అలవాటు. 2020లో టెక్సాస్ ఏ అండ్ ఎమ్ వారే ఆరోగ్యంగా ఉన్న కుక్కలకి రెండు వారాలు ఆ మందు ఇచ్చి చూశారు. మంచి కాపురస్తులు తగ్గిపోయాయి, పైత్య ఆమ్లాల మార్పిడి దెబ్బతింది. మందు ఆపిన నాలుగు వారాలకి కూడా కొన్ని కుక్కల్లో పరిస్థితి పూర్తిగా కుదుటపడలేదు. కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. మూడు వారాలు దాటిన దీర్ఘకాలపు కడుపు జబ్బుల్లో పెద్ద భాగం సరైన ఆహారం మార్పుతోనే, అదీ తరచు రెండు వారాల్లోపే, దారికి వస్తాయి. అందుకే ఇప్పుడు మొదటి చీటీ మందుకి కాదు, తిండికి రాస్తున్నాం.

తోడు పెట్టే వైద్యం

“పెరుగన్నం పెడితే మంచిదే కదండీ?” అని చాలామంది అడుగుతారు. ఒక చెంచాడు పెరుగుతో మామూలుగా నష్టం లేదు. కాని పెరుగులో ఉండేవి వేరు, కుక్క పెద్దపేగులో ఉండవలసినవి వేరు. హిరనోనిస్ లాంటివి గాలి తగిలితే బతకవు. అవి పెరుగు గిన్నెలో దొరకవు. మరి ఎక్కడ దొరుకుతాయి? ఆరోగ్యమైన ఇంకో కుక్క మలంలో. ముక్కు మూసుకోకండి! పాలు తోడుకోవాలంటే మంచి పెరుగు చుక్క వెయ్యాలి కదా, ఇదీ అంతే. జబ్బులేవీ లేవని పరీక్షించిన దాత కుక్క మలాన్ని శుద్ధమైన ద్రవంలో కలిపి, వడకట్టి, జబ్బు కుక్క పేగులోకి ఎక్కిస్తారు.

2018లో బ్రెజిల్ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో పార్వో వైరస్ సోకిన 66 కుక్కపిల్లల్లో సగానికి మామూలు చికిత్సతో పాటు ఇలా తోడు కూడా పెట్టారు. వాటిలో బతికినవాటికి విరేచనాలు త్వరగా ఆగాయి, ఆసుపత్రిలో ఉండవలసిన రోజులు తగ్గాయి. అయితే బతికే పిల్లల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2020లో ఇంకో చిన్న అధ్యయనంలో హఠాత్తుగా వచ్చిన విరేచనాలకి మెట్రోనిడజోల్‌నీ, తోడునీ పోల్చి చూశారు. నెల తిరిగేసరికి తోడు పెట్టిన కుక్కల పేగులే ఆరోగ్యమైన పేగులకి దగ్గరగా ఉన్నాయి. తోడు సర్వరోగనివారిణి కాదు. పాలు విరిగిపోతే ఎంత తోడేసినా పెరుగవదు. పేగు వాపు తగ్గకపోతే ఇదీ నిలవదు.

భీమవరం వారి ఋణం

ఈ కథలో మనవారొకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. ఆయనకీ ఆ జబ్బు వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. తరవాత ఈ దేశం వచ్చి, లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన పరిశోధన నుంచే ఫోలిక్ ఆమ్లం తయారీ, టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ వచ్చాయి. స్ప్రూకి వాడే మందులు ఈ రెండు తరగతులవే. ఈనాడు కుక్క పేగు జబ్బు చేసినప్పుడు మేము రక్తంలో బి12తో పాటు కొలిచేది ఆ ఫోలేటునే. ఆ కాగితం చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తారు. అంత కష్టపడి సంపాదించిన మందులని మనం సంచీలోంచి తీసి పప్పుబెల్లాల్లా పంచకూడదు కదా!

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి

ఒక పూట విరేచనమై, కుక్క హుషారుగానే ఉంటే కంగారు పడకండి. నీళ్ళు అందుబాటులో ఉంచి, ఉప్పూ కారం తాలింపూ లేని తేలిక ఆహారం కొద్దికొద్దిగా పెట్టండి. నెత్తురు పడినా, వాంతులవుతున్నా, నీరసించినా, కుక్కపిల్ల అయినా ఆగకుండా డాక్టరుకి చూపించండి. మూడు వారాలు దాటితే పరీక్షలు చేయించండి. పండగ పూట మన పళ్ళెంలోంచి పెట్టేటప్పుడు జాగ్రత్త: ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలని చెడగొడతాయి, పరమాన్నంలో కిస్‌మిస్ మూత్రపిండాలకి ప్రమాదం, నూనె ఓడే గారెలు క్లోమానికి చేటు. కొత్త ఆహారానికి మారేటప్పుడు వారం రోజులు పాతదీ కొత్తదీ కలిపి పెట్టండి.

అన్నిటికీ మించి, ఇంట్లో మిగిలిన మాత్రలు కుక్కకి వెయ్యకండి, మీరూ వేసుకోకండి. డాక్టరు రాసిన మందు మాత్రం మధ్యలో ఆపకండి. నోరులేని ప్రాణి తన కడుపులో ఏముందో చెప్పుకోలేదు. దాని తరఫున అడగవలసింది, ఆలోచించవలసింది మనమే.