గొట్టమే గదా!

ఆదివారమునాడు ఆబిడ్స్ కాలిబాటలపై పాతపుస్తకములు వెదకుట నాకు చిరకాలపు వ్యసనము. మొన్న అట్లు వెదకుచుండగా పూర్వవిద్యార్థి యొకడు నన్ను పక్కకు పిలిచి సందేహ మొకటి అడిగెను. వాని తండ్రికి చిన్న లేతు షెడ్డు కలదు. ఎవరో కాగితముపై ఒక గొట్టపు బొమ్మ గీసి తెచ్చి, మామూలు కూలికి నాలుగింతలు ఇత్తుమని, అడ్వాన్సు కూడ చేతిలో పెట్టి పోయిరట.

"సార్, అది తుపాకి చప్పుడు తగ్గించే సైలెన్సరేమోనని నాన్నకు అనుమానం. అయినా తుపాకి కాదు కదా, ఉత్త గొట్టమే కదా?"

తెలుగు పాఠములు చెప్పుకొనువానికి చట్టముతో పనియేమని తప్పించుకొనవచ్చును. కాని యోచింపగా ఇది ఒక మాటకు అర్థమేమి అను ప్రశ్నయే.

చిన్నయసూరి బాలవ్యాకరణమును సంజ్ఞాపరిచ్ఛేదముతో ఆరంభించెను. ఏ మాటకు ఏ యర్థమో ముందు తేలక సూత్రము సాగదు. 1959 నాటి ఆయుధముల చట్టపు పద్ధతియు నదియే. దాని 2వ సెక్షను నిర్వచనములది. అందు అగ్న్యాయుధము అను మాటను వివరించుచు, పేలునప్పటి చప్పుడును గాని మెరుపును గాని తగ్గించుటకై రూపొందించిన ఉపకరణములను సైతము అందులోనే చేర్చిరి. తుపాకి విడిభాగములును, వానిని తయారుచేయు యంత్రములును అట్లే. లోకమున గొట్టమైనది చట్టపు సంజ్ఞలో తుపాకియే!

ఆ పేరు పడిన పిదప తక్కినది తానే వచ్చును. 5వ సెక్షను ప్రకారము లైసెన్సు లేక అగ్న్యాయుధమును తయారుచేయరాదు, అమ్మరాదు, అమ్మకమునకు పెట్టరాదు. తప్పినవారికి 25వ సెక్షను క్రింద పూర్వము మూడేండ్లకు తగ్గక ఏడేండ్ల వరకు శిక్ష ఉండెడిది. 2019 డిసెంబరు సవరణతో ఆ ఏడేండ్లే కనిష్ఠమైనవి; గరిష్ఠము యావజ్జీవము; జరిమానా అదనము. ఏడేండ్లనగా ఆరవ తరగతిలో చేరిన పిల్లవాడు ఇంటర్మీడియటు ముగించు కాలము.

పేరులోనే ఒక చిక్కున్నది. సైలెన్సరనగానే మన పిల్లలకు మోటారుసైకిలు తోచును. ఆ భ్రమకు కొంత ఆధారము లేకపోలేదు. 1909లో తుపాకి సైలెన్సరుకు పేటెంటు పొందిన అమెరికావాడు హైరం పెర్సీ మాక్సిం ఇంజనుల చప్పుడు తగ్గించు సాధనములను కూడ చేసెను. ఆయన తండ్రి మెషిన్‌గన్ సృష్టికర్త. తండ్రి చప్పుడు చేసెను, కొడుకు అణచెను! ఆ దేశమున సైతము 1934 చట్టము దీనిని నమోదు చేయింపవలెనని నియమించినది.

మాటలలోనే గన్‌ఫౌండ్రీ చేరితిమి. 1786లో ఫ్రెంచివాడైన రేమాండు ఇచ్చట ఫిరంగులు పోయించెను. అదియును నిజాము కొలువున, నిజాము సేన కొరకే.

"తెలియక చేశానంటే వదలరా, సార్?"

వస్తువు తెలియకపోవుట వేరు, చట్టము తెలియకపోవుట వేరు. ఆయుధము ఒకనివద్ద ఉన్నదనుటకు దానిని గూర్చిన ఎరుక కూడ ఉండవలెనని 1972లో గున్వంత్‌లాల్ కేసున సుప్రీంకోర్టు చెప్పినది. వంచింపబడినవానికి అది కొంత ఆసరా. కాని చట్టమే ఎరుగనన్నవానికి ఆ ఆసరా లేదు. మరి వీని తండ్రికో, అనుమానము ముందే కలిగినది. నాలుగింతల కూలి దానిని బలపరచుచున్నది.

నాంపల్లి క్రిమినల్ కోర్టులు అక్కడికి ఎంతో దూరము కావు గాని ఆనాడు సెలవు. నేనెరిగిన న్యాయవాదికి ఫోను చేయగా, తండ్రిని వెంటబెట్టుకొని సాయంకాలము రమ్మనెను. అంతవరకు లేతును ముట్టవద్దనియు, బొమ్మను చింపవద్దనియు, అడ్వాన్సులో ఒక్క నోటైనను కదల్చవద్దనియు ఆయన రెండుమార్లు చెప్పెను.