మూత్రపిండాలు - వడపోత, నీటి సమతుల్యత

మూత్రపిండాలు లేదా వృక్కాలు సకశేరుకాల దేహంలో రక్తాన్ని శుద్ధిచేసి మూత్రాన్ని తయారుచేసే అవయవాలు. మానవులలో ఇవి ఉదరకుహరం వెనుక భాగంలో, వెన్నెముకకు ఇరుప్రక్కలా చిక్కుడు గింజ ఆకారంలో ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు 11 సెంటీమీటర్ల పొడవు, 150 గ్రాముల బరువు ఉంటుంది. శరీరపు బరువులో రెండూ కలిసి అర శాతానికి మించవు. అయినా గుండె పంపే రక్తంలో సుమారు ఐదవ వంతు వీటికే చేరుతుంది.

వడపోత

ప్రతి మూత్రపిండంలోనూ సుమారు 10 లక్షల నెఫ్రాన్లు, అనగా వృక్క నాళికలు, ఉంటాయి. నాళిక మొదట గిన్నెవంటి బౌమన్ గుళిక, దానిలో రక్తకేశనాళికల గుచ్ఛం ఉంటాయి. ఈ గుళికకూ నాళికకూ గల సంబంధాన్ని 1842లో ఇంగ్లండుకు చెందిన విలియం బౌమన్ వివరించాడు. గుచ్ఛంలోని అధిక పీడనం వలన నీరు, లవణాలు, గ్లూకోజు, యూరియా గుళికలోనికి వడకట్టబడతాయి. రక్తకణాలు, పెద్ద ప్రోటీన్లు రక్తంలోనే నిలిచిపోతాయి.

మూత్రపిండాలు మలినాలను ఏరి పారవేస్తాయని విద్యార్థులు తరచు వ్రాస్తుంటారు. ప్రధానంగా జరిగేది దీనికి విరుద్ధం. పెట్టెలోని సామానంతా బయటపెట్టి, కావలసినవి మాత్రమే తిరిగి సర్దుకున్నట్లు, ముందు చిన్న అణువులన్నీ బయటకు వస్తాయి. తరువాత అవసరమైనవి రక్తంలోనికి తిరిగి తీసుకోబడతాయి. రోజుకు ఇలా వడకట్టబడే ద్రవం సుమారు 180 లీటర్లు. శరీరంలోని ప్లాస్మా 3 లీటర్లే కనుక అది రోజుకు 60 సార్లు వడపోతకు గురవుతున్నదన్నమాట. మూత్రంగా వెలువడేది మాత్రం ఒకటి, రెండు లీటర్లే.

పునఃశోషణం

నాళికలోని మొదటి మెలికల భాగంలోనే నీటిలోనూ సోడియంలోనూ సుమారు మూడింట రెండు వంతులు, గ్లూకోజు దాదాపు పూర్తిగా రక్తంలోనికి చేరతాయి. అయితే గ్లూకోజును మోసే వాహకాల శక్తికి పరిమితి ఉన్నది. రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు మించినప్పుడు మిగిలినది మూత్రంలోకి పోతూ, తనతో నీటిని కూడా లాగుకొనిపోతుంది. మధుమేహ రోగులకు అతిమూత్రం, దాహం కలగడానికి కారణం ఇదే.

నీటి సమతుల్యత

ఎంత నీరు నిలుపుకోవాలన్నది చివరి భాగమైన సంగ్రహణ నాళంలో నిర్ణయమవుతుంది. హెన్లీ శిక్యం మూత్రపిండపు లోపలి పొరలో లవణ సాంద్రతను రక్తానికి సుమారు నాలుగు రెట్ల వరకు పెంచి ఉంచుతుంది. ఎండలో చెమట పట్టి రక్తం చిక్కబడినప్పుడు మెదడులోని హైపోథాలమస్ దానిని గుర్తిస్తుంది. పీయూష గ్రంథి నుండి వాసోప్రెసిన్ విడుదలవుతుంది. దాని ప్రభావంతో సంగ్రహణ నాళపు కణాలలో ఆక్వాపోరిన్లనే నీటి ద్వారాలు తెరపైకి వచ్చి, నీరు లవణ సాంద్రత గల లోపలి పొరలోనికి, అక్కడినుండి రక్తంలోనికి చేరుతుంది. మూత్రం తగ్గి ముదురు పసుపు రంగులో వస్తుంది. నీరు ఎక్కువగా త్రాగినప్పుడు ఈ హార్మోను తగ్గి, మూత్రం పలుచబడుతుంది. ఆక్వాపోరిన్లను కనుగొన్నందుకు పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం లభించింది.

వాసోప్రెసిన్ లోపిస్తే రోజుకు పది లీటర్లకు పైగా మూత్రం పోవచ్చు. దీనిని అతిమూత్ర వ్యాధి అంటారు. మధుమేహంతో దీనికి సంబంధం లేదు.

వైఫల్యం

దీర్ఘకాలిక వైఫల్యానికి మధుమేహం, అధిక రక్తపోటు ముఖ్య కారణాలు. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో మాత్రం ఈ రెండూ లేనివారిలో కూడా వ్యాధి విస్తృతంగా కనిపిస్తున్నది. కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. అక్కడివారి కోసం 2023లో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

ఈ వ్యాధి చాలాకాలం నొప్పి లేకుండానే ముదురుతుంది. మిగిలిన నెఫ్రాన్లు అదనపు భారాన్ని మోయడం వలన, పనితనం సగం వరకు తగ్గినా రక్తపరీక్షలో క్రియాటినిన్ సాధారణ స్థాయిలోనే కనబడవచ్చు. మూత్రంలో అల్బుమిన్ కనిపించడం అంతకంటే ముందుగా తెలిసే సూచన.