పాదరక్షే భిక్షాపాత్ర
నిత్యం అగ్నిదేవుణ్ణి అర్చించే మనం, ఆయన వేడికి గురైన పసివారిని ఎన్నడైనా తలచామా? అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో అగ్నిమాపక సిబ్బంది కూడళ్లలో నిలిచి, తమ బూట్లు చాచి చందాలు అడుగుతారు. మనం గుడి బయట విడిచే పాదరక్షే అక్కడ భిక్షాపాత్ర! ఆ ధనం కాలిన గాయాల బాలల సేవకు చేరుతుంది. వారికై ఏటా వేసవి శిబిరం జరుగుతుంది; అగ్నిమాపకులే స్వచ్ఛందంగా తోడుంటారు. అక్కడ మచ్చలు దాచనక్కరలేదు, పక్కవానికీ అవే ఉన్నాయి కనుక. చొక్కా విప్పి నిశ్చింతగా ఈతకు దిగవచ్చు.

మా ఆలయానికి వచ్చే ఒక బాలిక హారతి వేళ స్తంభం చాటుకు తప్పుకొనేది. మంటంటే భయమనుకున్నాను. కాదు, ‘అయ్యో’ అనే భక్తుల చూపులకట. ఇప్పుడు పళ్లెం ఆ చాటుకే తీసుకువెళుతున్నాను. మీరు మాత్రం దయచేసి ఆమెను ఏమీ అడగకండి.